మా పెరట్లో మిలిటరీ హాజరు

నాకు పెళ్ళయిన ఏడాదే మద్రాసు నుంచి మన రాష్ట్రం విడిపోయింది. మా ఆయన తిరునెల్వేలి వైపు మనిషి. యుద్ధంలో మోటారు మెకానిక్కుగా పనిచేసి, అది ముగిశాక నంద్యాలలో ఒక బస్సుల షెడ్డులో కుదురుకున్నారు. నేను రుద్రవరంలో పుట్టి, నంద్యాలలో చిన్నపిల్లల బడిలో పంతులమ్మగా చేరినదాన్ని. కొత్త రాష్ట్రం వచ్చిందని వీధుల్లో జెండాలు కట్టిన రోజు ఆయన షెడ్డు నుంచి వచ్చి, చేతులకంటిన గ్రీజును కిరసనాయిలుతో తుడుచుకుంటూ, ఒక్క అడుగు కూడా కదలకుండానే పరాయి దేశం వాణ్ణి అయిపోయానని నవ్వారు.

అలా అయిపోయింది ఆయన ఒక్కరే కాదు. ఆ బస్సుల యజమానికి మిలిటరీలో లారీలు తోలినవాళ్ళంటే గురి. మొదట వేలూరు నుంచి ఒకడు వచ్చాడు, వాడు మలబారు నుంచి ఇంకొకణ్ణి పిలిచాడు, ఆ ఇంకొకడు సేలం నుంచి మరొకణ్ణి. డ్రైవర్లు, మెకానిక్కులు, వైర్‌మన్లు, టైర్లకు పంచరు వేసేవాళ్ళు, అందరూ ఒకే యుద్ధం నుంచి వచ్చి ఒకే ఊళ్ళో చేరారు. ఎవరి భాష వాళ్ళది, ఎవరి కూడు వాళ్ళది, కానీ ఊళ్ళోవాళ్ళు అందరికీ కలిపి ఒకటే పేరు పెట్టారు, మిలిటరోళ్ళు అని.

వాళ్ళందరికీ పెద్ద వేలూరు సుబేదారు. స్టేషను దగ్గర ఆయనకొక సైకిలు షాపు ఉండేది. పంచరు వేయడానికి నేలమీద కూర్చున్నా నడుము వంచేవాడు కాదు.

దీపావళి దాటాక వచ్చే మొదటి ఆదివారం వీళ్ళకొక ఆచారం. మా పెరడు విశాలం కాబట్టి, నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ అది మా ఇంట్లోనే జరిగేది. పొద్దున్నే అందరూ గడ్డాలు గీసుకుని, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని వచ్చేవారు. మెడల్సు ఉన్నవాళ్ళు మెడల్సు పెట్టుకునేవారు, లేనివాళ్ళు జేబుకు పెన్ను తగిలించుకునేవారు. వేపచెట్టు నీడన వరసగా నిలబడితే, సుబేదారు ఎదురుగా నిలబడి ఒక్కొక్క పేరే పిలిచేవాడు. అవి నిలబడినవాళ్ళ పేర్లు కావు, పోయినవాళ్ళవి. బర్మా అడవుల్లో పోయినవాళ్ళు, దార్లో ఆసుపత్రుల్లో పోయినవాళ్ళు, యుద్ధం నుంచి చెక్కుచెదరకుండా తిరిగొచ్చి నంద్యాలలో కామెర్లతో పోయిన కంపౌండరు ఒకాయన. పోయిన ప్రతివాడికీ బతికున్నవాడొకడు జవాబుదారీ. పేరు వినిపించగానే ఒక అడుగు ముందుకేసి, పోయినవాడి తరఫున "హాజర్" అనాలి. అని ఊరుకోకూడదు, వాడు చేసిన నవ్వొచ్చే పని ఒకటి చెప్పాలి. నవ్వొచ్చేదే చెప్పాలి. కన్నీళ్ళు పెట్టుకున్నవాడు మధ్యాహ్నం గిన్నెలన్నీ తోమాలి.

ఈ నియమం సుబేదారు పెట్టిందే. వాళ్ళ కోసం ఏడ్చేవాళ్ళు ఎవరి ఊళ్ళో వాళ్ళకు బోలెడుమంది ఉన్నారని, వాళ్ళతో కలిసి నవ్వినవాళ్ళం మాత్రం మనమే మిగిలామని ఆయన అనేవాడు.

ఆ రోజు ఆడవాళ్ళు పొయ్యి ముట్టకూడదు. వంటంతా మగవాళ్ళదే. ఒకడు వేటమాంసం ఉడికిస్తే, ఇంకొకడు పూరీలు వత్తేవాడు. పూరీలు గుండ్రంగా రావడం నేను ఒక్క ఏడూ చూడలేదు. మొదటి ఏడాది మా అమ్మ రుద్రవరం నుంచి వచ్చి ఉండింది. వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, నన్ను పక్కకు లాగింది.

"ఏందమ్మీ ఇది? పోయినోళ్ళను పిలుస్తాండారు, వీళ్ళు పలుకుతాండారు, మళ్ళా నగుతాండారు. వీళ్ళకేమన్నా గాలి సోకిండాదా?"

గాలి కాదు, మిలిటరీ అని చెప్పాను. రెండూ ఒకటే అన్నట్టు చూసి, పూరీల పిండి తడిపే పద్ధతి సరిగా లేదని వాళ్ళ దగ్గరికి పోయి పోట్లాడింది.

ఆ వరసలో అందరికంటే చివర నిలబడేది మలబారు డ్రైవరు. నేను డ్రైవరన్నా అని పిలిచేదాన్ని. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు పోయే బస్సు ఆయనదే. పెళ్ళి కాలేదు. ఆయన తెలుగంతా బస్సులో నేర్చుకున్నది. అందుకే ఏ మాట మాట్లాడినా ఎక్కమన్నట్టో, దిగమన్నట్టో, జరగమన్నట్టో ఉండేది. మా ఇంటికి భోజనానికి పిలిస్తే, కంచం ముందు కూర్చుని, అన్నం చాలనుకుంటే బస్సు ఆపమన్నట్టు "హోల్డాన్" అనేవాడు.

ఆయన జవాబుదారీగా ఉన్నది కోయంబత్తూరు వైపు మనిషి ఒకడికి. ఇద్దరూ బర్మాలో ఒకే లారీ మీద పనిచేశారు. యుద్ధం ముగిసేలోపే ఆ స్నేహితుడు జ్వరంతో పోయాడు. అతని కోడి కథ మా పెరట్లో అన్నిటికంటే పేరుపడ్డది. దానికోసమే కొందరు చివరిదాకా ఆకలి ఓర్చుకుని నిలబడేవారు.

నేను వచ్చిన రెండేళ్ళకు అనుకుంటాను, సేలం వైర్‌మన్ చుట్టాల పెళ్ళికని కోయంబత్తూరు పోయి, అక్కడ నూలుమిల్లులో పనిచేస్తున్న ఆ స్నేహితుడి భార్యను చూసి వచ్చాడు. మీ ఆయన పేరు ఏటా నంద్యాలలో పిలుస్తున్నాం, ఏటా పలుకుతున్నాం, ఏటా నవ్వుకుంటున్నాం అని చెప్పాడట. ఆమె ఏమందని అడిగితే, ఏమీ అనలేదు, మిల్లు కూత వేయగానే లోపలికి వెళ్ళిపోయిందని చెప్పాడు. అందరూ అతన్ని తిట్టారు. మొగుడు పోయిన మనిషి దగ్గర నవ్వుల మాట ఎందుకెత్తావని.

ఆ ఏడు హాజరుకు ముందు శుక్రవారం, నేను బడి నుంచి వచ్చేసరికి మా అరుగు మీద ఒకామె రేకుపెట్టె పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దదై ఉంటుంది. గుంతకల్లులో బండి మారి, స్టేషనులో దిగి, బస్సుల షెడ్డు అడిగి, అక్కడి నుంచి మా ఇల్లు అడిగి ఒంటరిగా వచ్చింది. ఆమెదీ తెలుగే, కానీ మన తెలుగు కాదు, ఎప్పుడో ముత్తాతల నాడు అరవదేశం పోయిన తెలుగు. గొంతు మాత్రం ఖణీమని మోగేది. మిల్లులో యంత్రాల మోత మీద మాట వినిపించాలంటే అలాగే అరవాలట. మంచినీళ్ళు అడిగితే పక్కింటివాళ్ళు కూడా చెంబు తెచ్చారు. నేను ఆమెను అక్కా అన్నాను. అదే నిలిచిపోయింది.

ఆదివారం వచ్చింది. వరస నిలబడింది. అక్క కోసం కుర్చీ వేశారు. ఆమె కూర్చోకుండా వంటింటి గోడకు ఆనుకుని నిలబడింది. ఆమెను చూడగానే మగవాళ్ళందరికీ నాలుక పిడచగట్టింది. మొదటి పేరు పిలిచారు. మా ఆయన ముందుకు వెళ్ళి, హాజర్ అని, "మంచి మనిషి" అని వెనక్కి వచ్చారు. రెండోవాడు "చాలా మంచి మనిషి" అన్నాడు. కామెర్ల కంపౌండరు నీళ్ళమందు ఇచ్చి అందరినీ ఎలా మాయచేసేవాడో ప్రతి ఏడూ ఆడి చూపించే మంగళూరు ఆయన కూడా, ఆ రోజు "దైవభక్తి గలవాడు" అని చెప్పి తప్పుకున్నాడు. చివరికి డ్రైవరన్న వంతు. హాజర్ అన్నాడు. నోరు తెరిచాడు. "మంచోడు" అని మూసేశాడు.

సుబేదారు ఇక భోజనాలకు లేద్దామనబోతుంటే అక్క నాలుగడుగులు ముందుకు వచ్చింది.

"అన్నలారా, నన్ను చూస్తే చాలు, మా ఊళ్ళో అందరూ మొగాలు వేలాడేసుకుంటారు. ఇన్నేండ్లుగా అదే చూస్తా ఉండాను. ఈడ మీరు నగుతారని చెప్తే రైలెక్కి వచ్చినాను. ఆయన ఏం చేసినాడో చెప్పండి."

సుబేదారు డ్రైవరన్న వైపు చూసి, మళ్ళీ పేరు పిలిచాడు. డ్రైవరన్న మళ్ళీ ముందుకొచ్చి, మళ్ళీ హాజర్ అని, నేల చూపులు చూస్తూ మొదలుపెట్టాడు.

కథ ఇదీ. బర్మాలో ఒక వానరోజు రేషను రాలేదు. స్నేహితుడు ఎక్కడో ఒక పాడుబడ్డ పల్లెలో దిక్కులేకుండా తిరుగుతున్న కోడిని పట్టుకుని, చొక్కా లోపల దాచుకుని వస్తున్నాడు. అంతలో తెల్లదొర జీపు దిగాడు. ఇతను సెల్యూటు కొట్టాడు. చొక్కాలో కోడి కొక్కొరొక్కో కాదుగానీ, కుర్రుకుర్రుమంది. దొర ఏమిటా చప్పుడన్నాడు. ఇతను దగ్గు అని చెప్పి, కోడిలాగే దగ్గాడు. కోడి కుర్రుమన్నప్పుడల్లా ఇతను దగ్గేవాడు. అంత ఘోరమైన దగ్గు దొర పుట్టి బుద్ధెరిగి వినలేదు. వెంటనే జీపెక్కించి తానే ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ మంచం మీద పడుకోబెట్టి, డాక్టరు వచ్చి చొక్కా గుండీలు విప్పేసరికి కోడి బయటికి దూకింది. మంచం మీద గుడ్డు ఉంది. డాక్టరు బెంగాలీ ఆయన. గుడ్డు తాను తీసుకుని, రోగికి నయమైందని రాసి, కోడిని అతని చేతికిచ్చి పంపించేశాడు.

చెప్పేకొద్దీ డ్రైవరన్న గొంతు మామూలుగా అయింది. కోడి దగ్గు దగ్గి చూపించే చోట పెరడంతా ఘొల్లుమంది. అక్క మాత్రం నవ్వలేదు. కనుబొమలు ముడిచి నిలబడింది. నవ్వులన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

ఆమె నిదానంగా, అది ఆయన అయివుండడు అంది. ఆయనకు కోడంటే చచ్చేంత భయమట. ఇంట్లోకి కోడిపిల్ల వచ్చినా మంచమెక్కి నిలబడేవాడట. పెళ్ళయిన కొత్తలో అత్తగారింట పుంజు ఒకటి వెంటపడితే, పై కండువా వదిలేసి బావి దాకా పరుగెత్తాడట. అలాంటి మనిషి కోడిని చొక్కాలో ఎలా పెట్టుకుంటాడు?

డ్రైవరన్న ముఖం చూడాలి. ఇన్నేళ్ళూ చెప్పిన కథ కళ్ళముందే కూలిపోతోంది. చాలాసేపు ఆలోచించాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు.

"అందుకేనమ్మా. వాడు దగ్గింది యాక్టింగ్ కాదు. అది భయం దగ్గు. అందరం ఆకలితో ఉండామని పట్టుకొచ్చినాడు."

అక్క నవ్వింది. ఆ మిల్లు గొంతుతో నవ్వితే వేపచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. నవ్వి నవ్వి గోడకు చేరగిలబడింది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, ఇంకా నవ్వుతూనే ఉంది. అందరికీ అంటుకుంది. మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సుబేదారు కూడా మొహం అటు తిప్పి చేరుమాలు తీశాడు. ఇవి నవ్వు కన్నీళ్ళా, ఏడుపు కన్నీళ్ళా అన్న తగాదా వచ్చింది. తేల్చడం చేతగాక, ఆ మధ్యాహ్నం గిన్నెలు అందరూ కలిసి తోమారు.

గిన్నెలు తోముతున్నప్పుడే అక్క డ్రైవరన్నను అడిగింది, చివరి ఘడియలో పక్కన ఎవరైనా ఉన్నారా అని. నేను బూడిద అందిస్తూ అక్కడే ఉన్నాను.

"నేనుండా. పాట పాడమన్నాడు. నాకు పాట రాదు. లారీ గేర్లు మారే చప్పుడు నోటితో చేసినా. నగినాడు."

అక్క చేతిలో ఉన్న కళాయిని మరీ తళతళలాడేలా తోమింది.

ఆమె సెలవు ఇంకా కొన్నాళ్ళుంది. ఆళ్ళగడ్డ చూస్తానంటే డ్రైవరన్న ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. తోడుగా నేనూ వెళ్ళాను. ఆ రోజు బస్సు నడిచిన నడక నేను మరిచిపోలేను. గుంత కనిపిస్తే చాలు, పసిబిడ్డను తొట్లో పడుకోబెట్టినట్టు దించేవాడు. జొన్నచేల వాళ్ళు తలెత్తి చూశారు. వెనక సీటు పెద్దాయన ఒకరు ఓపిక పట్టి పట్టి, చివరికి "ఏమప్పా, ఎద్దులబండ్లు గూడా మనల్ని దాటి పోతాండాయే" అన్నాడు. డ్రైవరన్న వినిపించుకోలేదు.

తిరిగి నంద్యాల చేరాక, అందరూ దిగి వెళ్ళిపోయారు. నేను బస్సు మెట్టు మీదే ఉన్నాను. డ్రైవరన్న స్టీరింగు పట్టుకునే, ముందుకు చూస్తూ అక్కతో, "ఈడ ఒకరికి చోటుండాది. వస్తావా?" అన్నాడు.

ఆమె ఎక్కడికి అని అడిగింది.

"బస్సు సంగతి కాదమ్మా" అన్నాడాయన. చెవులు ఎర్రగా అయిపోయాయి.

ఆమె దిగి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, ఆలోచించి చెప్తానంది. ఊరికి వెళ్ళిపోయింది. ఆ ఎండాకాలం దాకా ఏ కబురూ లేదు. డ్రైవరన్న బక్కచిక్కిపోయాడు. ఆమెకు ఇష్టమేనని, వాళ్ళ అన్నే ఒప్పుకోవడం లేదని చివరికి వైర్‌మన్ ద్వారా తెలిసింది. సుబేదారు సైకిలు షాపుకు తాళం వేసి, మెడల్సు పెట్టుకుని, కోయంబత్తూరు రైలెక్కాడు. అక్కడేం మాట్లాడాడో తెలియదు. తిరిగొచ్చేటప్పుడు వెంట అక్కా ఉంది, వాళ్ళ అన్నా ఉన్నాడు. వాళ్ళ అన్న చేతిలో అరటిపళ్ళ గెల ఉంది. మహానందిలో పెళ్ళి జరిగింది. బస్సు రాత్రి ఆగేది ఆళ్ళగడ్డలో కాబట్టి వాళ్ళు అక్కడే ఇల్లు తీసుకున్నారు.

అన్నీ బాగున్నాయనుకున్నాం. ఆ ఏడు దీపావళి దగ్గరపడేసరికి డ్రైవరన్న మా ఇంటికి వచ్చి, ఇక మీదట తాను హాజర్ చెప్పనని మా ఆయనతో అన్నాడు. ఎందుకంటే, వాడి భార్య చేతి కూడు తింటూ, వాడి పేరుకు నేను పలికితే ఏం బాగుంటుంది, వాడికి మిగిలిన ఆ ఒక్క పేరూ లాక్కున్నట్టుంటుంది అన్నాడు. సుబేదారుకు చెప్తే, సరే, ఆ పేరు మంగళూరు ఆయనకు ఇద్దామన్నాడు. దానికీ డ్రైవరన్న ఒప్పుకోలేదు. వానికేం తెలుసు మావాడి సంగతి అని కోపం తెచ్చుకున్నాడు. తాను చెప్పడు, ఇంకొకరిని చెప్పనివ్వడు. మిలిటరీవాళ్ళు కూర్చుని ఎంత ఆలోచించినా దారి దొరకలేదు.

అక్కకు ఇదేమీ తెలియదు. నేను ఆళ్ళగడ్డ వెళ్ళినప్పుడు చెప్పాను. ఆమె చేటలో కొర్రలు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు. ఆ మనిషి రాత్రిళ్ళు ఊరికే పైకప్పు చూస్తూ పడుకుంటుంటే, బస్సు ఇంజను చెడిందేమో అనుకున్నానంది. కొంచెం సేపయ్యాక, "నేను పలుకుతాను" అంది.

సుబేదారు ముందు ఒప్పుకోలేదు. వరసలో నిలబడాలంటే మిలిటరీలో పనిచేసి ఉండాలన్నాడు. అక్క ఎదురు చెప్పకుండా, మిల్లులో ఎన్నేళ్ళు పనిచేసిందో, ఎన్ని షిఫ్టులు నిలువుకాళ్ళ మీద నిలబడిందో, కూత వేసిన క్షణానికి లేకపోతే ఏం జరిగేదో చెప్పుకుపోయింది. ఆయన వింటూ వింటూ, సగంలోనే చెయ్యెత్తి ఆపాడు. అయితే అటెన్షన్‌లో నిలబడి చూపించమన్నాడు. ఆమె నిలబడింది. ఆయన చుట్టూ ఒకసారి తిరిగి చూసి, మా మెకానిక్కుకంటే నయం అన్నాడు. మా ఆయనకు రెండు రోజులు కోపం.

ఆ ఆదివారం డ్రైవరన్న వరసలో లేడు. వెనకగా, పొయ్యి దగ్గర పూరీల పిండితో కూర్చున్నాడు. పేరు పిలిచారు. అక్క ఒక అడుగు ముందుకేసి, హాజర్ అంది. పక్క వీధిలో నుంచి ఎవరో ఏమైందని వచ్చారు.

తర్వాత ఆమె ఎవరికీ తెలియని సంగతి చెప్పింది. చివరిసారి సెలవు మీద వచ్చినప్పుడు ఆయన ఆమెను సంతకు తీసుకుపోయాడు. ఎండ మండుతోంది, ఆమె కాళ్ళకు చెప్పులు లేవు. ఆయన తన మిలిటరీ బూట్లు విప్పి ఆమెకు తొడిగి, తాను వట్టికాళ్ళతో గెంతుకుంటూ నడిచాడు. ఆ బూట్లలో ఆమె పాదాలు ఈదుతున్నాయి. అడుగు వేస్తే ముందు ఆమె పోయేది, తర్వాత బూటు వచ్చేది. దారి పొడవునా లెఫ్ట్ రైట్ అని ఆయన అరుస్తూనే ఉన్నాడు. ఆ టకటకకు సంతలో మేకలు బెదిరి తాళ్ళు తెంపుకున్నాయి. మేకలవాళ్ళు తరుముకొస్తే, ఆ బూట్లతో ఆమె, వట్టికాళ్ళతో ఆయన, పత్తిచేలోకి పరుగు.

అందరికంటే ముందు నవ్వింది డ్రైవరన్న. పిండి చేతులతోనే లేచి వచ్చాడు. "ఇన్నేండ్లు ఒకే లారీలో ఉండాం. నాకీ సంగతి చెప్పనే లేదు చూడు వాడు" అన్నాడు. ఆ మాటలో స్నేహితుడి మీద కొత్తగా పుట్టిన చిరుకోపం ఉంది, పక్క గదిలో ఉన్న మనిషి మీద కోప్పడ్డట్టు. వచ్చి వరసలో తన పాత చోట, అక్క పక్కన నిలబడ్డాడు. అప్పటి నుంచి ఇంట్లో కూడా వాళ్ళిద్దరూ ఆ మనిషి గురించి మాట్లాడుకునేవారు. ఒకరికి తెలిసిన సంగతి ఒకరికి తెలియదు కాబట్టి వాళ్ళకు మాటలకు కరువు లేకపోయింది.

సుబేదారు ఆ తర్వాత రెండేళ్ళు ఉన్నాడు. ఒక పొద్దున షాపు ముందు కుర్చీలో కూర్చుని టీ తాగుతూ, గ్లాసు కింద పెట్టి, అలాగే పోయాడు. ఆ ఏడు పేర్లు పిలవడానికి మనిషి కావలసి వచ్చింది. ఆయన ఎప్పుడూ కాగితం వాడలేదు. వరసగా ఒక్కటీ తప్పకుండా చెప్పగలిగింది అక్క ఒక్కతే. బిడ్డ తల్లి అయింది కాబట్టి ఆమెను నంద్యాలకు రమ్మనడం బాగుండదని, అందరం ఆళ్ళగడ్డకు పోయాం. ఆమె చంకలోని పాపను మా చేతికిచ్చి, ఎదురుగా నిలబడి పిలిచింది. చివరన సుబేదారు పేరు. నలుగురైదుగురు ఒకేసారి హాజర్ అన్నారు. ఎవరు జవాబుదారీ అన్నది ముందుగా అనుకోలేదు. ఎవరూ వెనక్కి తగ్గలేదు కూడా. ఒకరి తర్వాత ఒకరు అందరూ చెప్పారు. వైర్‌మన్‌ను సైకిలు మీద కూర్చోబెట్టి ఆయన డ్రిల్లు నేర్పించిన కథ చెప్పేసరికి మధ్యాహ్నం దాటింది, మాంసం మాడింది.

మాడినదే తిన్నాం. సాయంత్రం డ్రైవరన్న బస్సులోనే అందరం తిరిగి బయలుదేరాం, సాగనంపడానికి అక్క పాపను ఎత్తుకుని బస్టాండుకు వచ్చింది. పాప తండ్రి ఒళ్ళోకి పోతానని ఏడిస్తే, డ్రైవరన్న ఇంజను ఆపి, హారను రబ్బరు బుడ్డిని దాని చేతికిచ్చాడు. అది నొక్కడం మొదలుపెట్టింది, ఆపలేదు. ఎవరికీ తొందర లేదు. ఆళ్ళగడ్డ బస్టాండులో ఉన్నవాళ్ళంతా బస్సు కదులుతోందనుకుని పరుగెత్తుకొచ్చి ఎక్కారు. చాలామంది నంద్యాలకు రావలసినవాళ్ళు కూడా కాదు.